తువ్వాలు కింద రాజకీయ అర్థశాస్త్రం

దళారి అంజయ్య మా బావ బేరం గుట్టును పరాయివాడికి అమ్ముకున్నాడని నకరికల్లు చుట్టుపక్కల ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు. ఆయన అమ్ముకోలేదు. ఆ గుట్టు బయటపెట్టింది నేను. పోనీ అమ్మానా అంటే అదీ లేదు, ఒక గ్లాసు టీకీ నాలుగు మిరపకాయ బజ్జీలకీ మురిసిపోయి ఊరికే ఇచ్చేశాను. పైగా ఆ పని చదువు పేరుతో చేశాను. దాంతో ఒక ఎడ్ల జత చెయ్యి దాటిపోయింది, ఒక స్నేహం తెగిపోయింది, ఒక పెద్దమనిషి ఎద్దుల నుంచి మేకల్లోకి దిగిపోయాడు. నాకు మాత్రం ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇన్నాళ్ళూ మింగి కూర్చున్న సంగతిని ఇప్పుడు కక్కుతున్నాను. నవ్వొస్తే మొహమాటపడకండి. నవ్వులపాలు కావడం నాకు పడిన శిక్షలో భాగమే.

అప్పట్లో నేను హైదరాబాదులో అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేస్తున్నాను. ఏ దేశం ఏ సరుకును ఎవరికి అమ్ముతుందో, దాని ధర ఎవరు నిర్ణయిస్తారో, ఆ నిర్ణయం వెనక ఎవరి పెత్తనం ఉందో చెప్పే చదువు. చదువు మంచిదే. అది ఎక్కి కూర్చున్న తలే మంచిది కాదు. మొదటి ఏడాది సెలవులకు నరసరావుపేటలో బస్సు దిగేసరికి నాకు ప్రపంచమంతా అర్థమైపోయింది, మా ఇల్లు తప్ప.

అమ్మ రెండోసారి నెయ్యి వెయ్యకపోతే, "ఇది సుంకేతర అడ్డంకి" అన్నాను.

"ఏంది?"

"అంటే పన్ను వెయ్యకుండానే సరుకు రాకుండా ఆపడమమ్మా."

"సరుకు అయిపోయిందిరా సన్నాసీ, గిన్నెలోకి చూడు!"

ఆ చదువు పేరు మా వైపు జనానికి చెప్పడమే ఒక పెద్ద పని. "అంతర్జాతీయ" అనగానే గౌరవంగా తల ఊపేవారు. "రాజకీయ" అనగానే దగ్గరికి జరిగి ఏ పార్టీ అని అడిగేవారు. "అర్థశాస్త్రం" దగ్గరికి వచ్చేసరికి గేదెను కట్టెయ్యాలని గుర్తొచ్చి లేచిపోయేవారు. గేదెలు లేనివాళ్ళకు కూడా గేదెలు గుర్తొచ్చేవి. నేను చెప్పేది చివరిదాకా విన్న మనిషి పల్నాడు మొత్తం మీద ఒక్కడూ లేడు.

రెండో ఏడాది పరిశోధనా పత్రం రాయాలి. నేను ఎంచుకున్న అంశం మార్కెట్లలో సమాచార అసమానత. గంభీరంగా ఉందని కంగారు పడకండి. ఒకరికి తెలిసిన ధర సంగతి ఇంకొకరికి తెలియకపోవడం, తెలిసినవాడు బాగుపడటం, అంతే. అందరికీ అన్నీ తెలిసిపోతే లోకం బాగుపడుతుందని నా సిద్ధాంతం. మా ప్రొఫెసరు గారు ఓపిక గల మనిషి. ఆవిడ నా కాగితాలు తిరగేసి, "ధర ఎలా పుడుతుందో ఇంత రాశారు. ఎప్పుడైనా పుడుతుంటే చూశారా?" అని అడిగారు.

"పుస్తకాల్లో చూశాను మేడమ్."

"ఒకసారి దుమ్ములో నిలబడి చూసి రండి."

దుమ్ముకు మా వైపు కొరత లేదు. నేరుగా మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను.

మా అక్క భర్త వెంకటేశ్వర్లు బావది నకరికల్లు దగ్గర పల్లె. మిరప వేస్తాడు, పత్తి వేస్తాడు, కానీ మనసంతా బండలాగుడు పందేల్లో ఉంటుంది. తిరునాళ్ళలో పెద్ద బండరాయిని ఎడ్ల జతకు కట్టి లాగించే పందెం అది. బావ ఏటా ఎవరి ఎడ్ల పక్కనో పరుగెత్తి, కేకలు పెట్టి, గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. ఒక్కసారైనా సొంత జతతో దిగాలని ఆయన కోరిక. ఆ ఏడాది గురజాల వైపు రైతొకడు మంచి గిత్తల జతను సంతకు తోలుకొస్తున్నాడని కబురు వచ్చింది. తెచ్చినవాడు దళారి అంజయ్య.

అంజయ్య బావకు చుట్టం కాదు, అయినా అందరికీ మామే. ఎద్దుల బేరాల్లో ఆయన మాటకు తిరుగు లేదు, ఆ సంగతి ఆయనే రోజూ అందరికీ చెబుతుండేవాడు. భుజాన ఎర్రంచు తువ్వాలు ఒకటి ఉండేది. నీలం పెట్టి ఉతికించి, ఇస్త్రీ చేయించి, పెళ్ళికొడుకు కండువాలా మోసేవాడు. ఎండలో చెమట కారిపోతున్నా దాంతో తుడుచుకునేవాడు కాదు. అదేంటని అడిగితే, "ఇది తువ్వాల కాదబ్బాయా, బేరాలు తీర్చే కచేరీ. కచేరీతో ముక్కు తుడుచుకుంటారా?" అనేవాడు. ఆయనా బావా ఎంత స్నేహమంటే, ఒకడికి జలుబు చేస్తే ఇంకొకడు తుమ్మేవాడు.

సంత రోజు పొద్దున బావ అన్నం తింటూ అక్కతో, ఆ జతకు తాను ఎంత ధరదాకా వెళ్ళగలడో, ఎక్కడ ఆగిపోతాడో చెప్పాడు. పక్కనే నేనూ తింటున్నాను. ఆ ఇంట్లో నన్నెవరూ మనిషి కింద లెక్కవెయ్యలేదు కాబట్టి గొంతు తగ్గించలేదు.

"బావా, నేనూ వస్తా సంతకి" అన్నాను.

"నువ్వెందుకురా? ఎద్దుకి ఎన్ని కాళ్ళుంటయ్యో తెలుసా?"

"పరిశోధన బావా."

"ఎద్దు మీదా?"

"ధర మీద."

బావ అక్క వైపు జాలిగా చూశాడు. "తీసుకెళ్ళు, ఇంట్లో ఉంటే నెయ్యి మీద పరిశోధన చేస్తాడు" అంది అక్క. అమ్మ ఫోన్లో అన్నీ చెప్పేసిందన్నమాట.

ఆటోలో అంజయ్య మామ నాకు సంత మర్యాద చెప్పాడు. అక్కడ ఎద్దుల బేరం నోటితో జరగదు. దళారి చెయ్యీ రైతు చెయ్యీ తువ్వాలు కింద కలుస్తాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎన్ని వేళ్ళు నొక్కితే ఎంతో వాళ్ళకు తెలుసు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు కనిపించేది రెండు ముఖాలు, ఒక తువ్వాలు.

"పైకి చెబితే ఏమవుతుంది మామా?"

"పైకి చెబితే అది బేరం కాదు, దండోరా. ఈ రైతుకి నేను తక్కువ కట్టాననుకో, బేరం కుదరలా. ఆ మాట సంతంతా తెలిస్తే ఇంకెవడన్నా దానికన్నా పైకెక్కుతాడా? ఆయన ఎద్దుల విలువ పోయినట్టే గదా! ఇటు మీ బావ ఎంతదాకా వస్తాడో తెలిసిందనుకో, పక్కోడు దాని మీద ఒక్క మెట్టు పెట్టి ఎగరేసుకుపోడా? అందుకే కిందది కిందనే ఉండాల."

"దీన్నే సమాచార అసమానత అంటారు మామా!"

"దీన్ని తువ్వాల అంటారు" అన్నాడు మామ.

అప్పుడే దిగి ఇంటికి పోయి ఉంటే ఎంత బాగుండేది.

సంతలో ఆ జతను చూసి బావ మమ్మల్ని వదిలేసి అటు పరుగెత్తాడు. తెల్లగా, ఎత్తుగా, ఇద్దరు జమీందార్లు తగాదా పడి పక్కపక్కన నిలబడ్డట్టున్నాయి. అంజయ్య మామ వాటి పళ్ళు చూశాడు, నడిపించి చూశాడు, పెదవి విరిచాడు. అది నచ్చిందనడానికి గుర్తట. తరవాత రైతు చేతి మీద తువ్వాలు కప్పాడు. చుట్టూ జనం మూగారు.

నాకు ఆ తువ్వాలు కింద ప్రపంచ వాణిజ్య రహస్యమంతా ఉన్నట్టు అనిపించింది. ఇంత దూరం వచ్చి, ధర పుట్టేచోట నిలబడి, గుడ్డ చూసి వెళ్ళిపోవడమా? మెల్లగా ఎద్దు వెనక్కి చేరి, గిట్టలు పరీక్షించే నిపుణుడిలా గొంతుక్కూర్చున్నాను. ఫోన్ కెమెరా ఆన్ చేసి తువ్వాలు కిందికి పోనిచ్చాను. ఎద్దు తోకతో నా చెంప మీద ఒకటి కొట్టింది. ఆ సంతలో బుద్ధి ఉన్న ప్రాణి అదొక్కటే. నేను వినలేదు.

తువ్వాలు కింద వేళ్ళు కొట్టుకున్నాయి, పెనుగులాడాయి, ఆగాయి. అంజయ్య మామ చెయ్యి బయటికి తీశాడు. కొద్ది తేడాలో బేరం నిలిచిపోయింది.

"అన్నం తిని, మా అన్నని ఫోన్లో ఒక మాట అడిగొస్తా. ఈలోపు మీకన్నా పైన ఎవరన్నా వస్తే మటుకు నన్ను అనుకోవద్దు" అని రైతు చెట్టు నీడకు పోయాడు.

"వస్తాడు, మన దగ్గరికే వస్తాడు. నువ్వు ఇంకా కాస్త ఎక్కే చోటుందని ఆయనకి తెలవదుగా" అన్నాడు మామ. బావ ముఖంలో అప్పటికే తిరునాళ్ళు జరుగుతున్నాయి.

నేను టీకొట్టు దగ్గరికి వెళ్ళి వీడియో చూసుకున్నాను. ఎద్దు కాలు, నా చెప్పు, ఆకాశం, మళ్ళీ ఎద్దు కాలు, ఆ తరవాత స్పష్టంగా వేళ్ళు. కానీ ఏ వేలు ఏం చెబుతోందో నాకు తెలియదే! తలపట్టుకుని కూర్చుంటే పక్కన తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన పలకరించాడు. మాచర్ల వైపు అని చెప్పాడు.

"చదువుకునే బాబులాగున్నారే. ఏం చదువుతున్నారు?"

"అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రమండీ."

ఇక లేచిపోతాడనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "అంటే?" అన్నాడు.

అంటే! పాఠకులారా, ఆ "అంటే" నా చెవికి సన్నాయి మేళంలా వినిపించింది. మా అమ్మ అనలేదు, మా అక్క అనలేదు. మొదలుపెట్టాను. బంగారం దగ్గర ఎత్తుకుని, డాలరు మీదుగా, చమురు దేశాలు చుట్టి, అప్పిచ్చే సంస్థలను కడిగేసి తిరిగొచ్చాను. ఆయన ఒక్కసారి కూడా గేదెను తలుచుకోలేదు. మధ్యలో, "అయితే డాలరు పెరిగితే మన మిరపకి మంచిదేనంటారా?" అని అడిగాడు కూడా. ఆ ప్రశ్నకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. మా క్లాసులో సగం మంది అంత తెలివిగా అడగరు.

"ఇంకో రెండు బజ్జీలు వెయ్యి బాబుకి. మరి ఈ సంతలో మీ పరిశోధన ఏంది బాబూ?"

వీడియో చూపించాను.

"ఇది ఎద్దు కాలు గదా?"

"ముందుకు జరపండి. అదిగో, ఆ వేళ్ళు. వాటి అర్థమే తెలియడం లేదండీ."

"ఓస్, అంతేనా! రాసుకోండి" అన్నాడు మహానుభావుడు. ఇది రైతు అడిగింది, ఇది మీవాళ్ళు ఇస్తామన్నది, ఇదిగో ఇక్కడ ఆగింది, అని విడమరిచి చెప్పాడు. నేను భక్తిగా రాసుకున్నాను. "మరి మీ బావగారు ఇంకా పైకి వస్తారంటారా?"

"ఇదిగో, ఇక్కడిదాకా వస్తాడండీ. అంతకు మించి రాడు. పొద్దున మా అక్కతో అన్నాడు."

"మంచి చదువు బాబూ. ఇట్టాంటి చదువు మా రోజుల్లో లేకపోయె" అని టీకీ బజ్జీలకీ డబ్బులు తనే ఇచ్చుకుని లేచాడు. నేను ఆ బజ్జీలు తింటూ, సామాన్య ప్రజలకు ఉన్నతవిద్య మీద ఎంత ఆసక్తి ఉందో అని నా నోట్సులో ఒక వాక్యం కూడా రాసుకున్నాను.

తిరిగి వెళ్ళేసరికి బావ నేల మీద చతికిలబడి ఉన్నాడు. ఎడ్లు ఉన్నచోట రెండు గూటాలూ, కాస్త పేడా మిగిలాయి. దూరంగా ఆ జత వ్యాను వైపు నడుస్తోంది. పలుపు పట్టుకుని తోలుకుపోతున్నది తెల్లచొక్కా పెద్దమనిషి. అంతటితో ఊరుకున్నాడా? నన్ను చూసి ఆప్యాయంగా చెయ్యి ఊపి, "బాగా చదువుకోండి బాబూ!" అని కేకేశాడు.

"ఆయన నీకెట్టా తెలుసురా?" అన్నాడు బావ.

"టీకొట్టు దగ్గర... ఊరికే... పలకరించాడు."

బావ అంజయ్య వైపు తిరిగాడు. "మామా, నేను ఆగే చోటుకి సరిగ్గా ఒక్క మెట్టు పైన పెట్టాడు. గాల్లో రాసుందా అది?"

"నన్నడుగుతావేందిరా?"

"నేను ఎంతదాకా వస్తానో రైతుకి తెలవదు. నీకు తెలుసు. నీకొక్కడికే తెలుసు."

"అంటే నేను అమ్ముకున్నానంటావా?"

"అనలా. నువ్వే అన్నావు."

చుట్టూ ఉన్న జనమంతా విన్నారు. అంజయ్య మామ తువ్వాలు తీసి దులిపి, మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఎంగటేశ్వర్లూ, ఇంక నీ గడప తొక్కను" అని వెళ్ళిపోయాడు. బావ పిలవలేదు. నిజం నా గొంతుదాకా వచ్చింది. బజ్జీ అడ్డం పడింది.

సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం బావ అన్నం తినలేదు, తినని మనిషికి ఏం చెబుతాం? మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు తిన్నాడు, తినేవాడి అన్నం ఎందుకు చెడగొట్టాలి? అట్లా ఆకలికీ అరుగుదలకీ మధ్య వాయిదాలు వేసి హైదరాబాదు బస్సెక్కాను. దీన్ని భయం అంటారు. అంతర్జాతీయంగా కూడా దీనికి వేరే పేరేమీ లేదు.

పరిశోధనా పత్రంలో ఆ సంత మీద ఒక అధ్యాయం రాశాను. వైవాలో ప్రొఫెసరు గారు అడిగారు. "ధర సంగతి బయటపడ్డాక రైతుకు లాభం వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఎక్కువకే అమ్ముడుపోయాయి."

"ఎవరికైనా నష్టం జరిగిందా?"

"అది నా పరిశోధన పరిధిలో లేదు మేడమ్."

ఫస్ట్ క్లాసు ఇచ్చారు. ఆ ఏడాది తిరునాళ్ళలో ఆ జతే గెలిచింది. బావ వాటి పక్కనే పరుగెత్తి, అలవాటు కొద్దీ కేకలు పెట్టి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. అంజయ్యను మాత్రం ఎద్దుల బేరానికి మళ్ళీ ఎవరూ పిలవలేదు. గుట్టు నిలవని తువ్వాలు కింద ఎవరు చెయ్యి పెడతారు?

తరవాత నేను నరసరావుపేటలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాను. జుట్టు పలచబడింది. సమాచార అసమానత గురించి బోర్డు మీద రాసినప్పుడల్లా సుద్దముక్క చేతిలో విరిగేది. మొన్న ఎండాకాలం పిడుగురాళ్ళ బస్సులో నా పక్కన ఒక ముసలాయన కూలబడ్డాడు. చూస్తే అంజయ్య మామ. భుజం మీద ఏమీ లేదు.

"సంతకేనా మామా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మేకల సంతకి. ఎద్దుల్లోకి నన్నెవురు రానిస్తారు? మేకకి గుట్టేముంది, చెవి పట్టుకుని పైకే అరుచుకోవచ్చు." నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "మీ బావ పొగరుబోతుగానీ నువ్వు మంచోడివిరా అబ్బాయా. ఆరోజు అంతమందిలో నాకేసి జాలిగా చూసింది నువ్వొక్కడివే. నేను మర్చిపోలా."

ఆయన జాలి అనుకున్నది నా దొంగ ముఖం. ఇక తట్టుకోవడం నా వల్ల కాలేదు. బస్సు కుదుపుల్లోనే ఫోనూ, టీకొట్టూ, తెల్లచొక్కా అన్నీ చెప్పేశాను. మామ నా వైపు తిరిగాడు.

"బజ్జీలు ఎన్ని తిన్నావు?"

"రెండు. తరవాత ఇంకో రెండు వేయించాడు."

"నాలుగు బజ్జీలకి నన్ను మేకల పాలు చేశావు గదరా!"

"ఇంటికి రా మామా. బావ ముందు అంతా ఒప్పుకుంటా."

"ఇంట్లో ఎందుకు? నా పరువు మీ ఇంట్లో పోలా, సంతలో పోయింది. ఆడనే చెప్పు, అందరికీ వినబడేట్టు. నీకు గుట్టు బయటపెట్టడం చానా ఇష్టం గదా!"

అట్లా మళ్ళీ ఎద్దుల సంతకు వెళ్ళాను. ఎడ్లు చూద్దాం రమ్మని బావను కూడా తీసుకెళ్ళాను. అంజయ్య మామ ముందే వచ్చి ఎడంగా నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరికొకరు వీపు చూపించుకున్నారు. పలుపులూ గంటలూ అమ్మే ఆటోకు మైకు ఉంది. అడిగితే ఆటో అతను, "పలుపు కొనుక్కో, మైకిస్తా" అన్నాడు. ఎద్దు లేని నేను పలుపు కొనుక్కుని ఆటో ఎక్కాను.

"సభకు నమస్కారం. మార్కెట్లలో సమాచార పంపిణీ అనేది..."

"ఒరేయ్, అది ఆపి తెలుగులో ఏడువు!" అని కింద నుంచి మామ.

తెలుగులోనే ఏడ్చాను. ఎద్దు తోక దెబ్బ దగ్గర జనం నవ్వారు, "అంటే?" దగ్గర విరగబడి నవ్వారు. "బజ్జీలన్నా బాగున్నయ్యా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకరు ఆటో దగ్గరికి వచ్చారు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇన్నేళ్ళు నా కంచం పక్కన కూర్చుని ఎట్టా తిన్నావురా?"

"తిన్నాను బావా."

"నీతో మాట మానేద్దామంటే మీ అక్క నాతో మానేసిద్ది. ఇప్పుడు నేనేం చెయ్యాల?"

"మామతో మాట్లాడు బావా."

బావ వెనక్కి తిరిగాడు. అంత మనిషి కాలి బొటనవేలితో దుమ్ము గీస్తూ నిలబడ్డాడు. "మామా, ఆ పొద్దు నోరు జారా."

"జారావు."

"గడప తొక్కుతావా?"

"మీ ఆవిడ పప్పు బాగా చేసిద్ది. తొక్కుతాలే" అన్నాడు మామ, కానీ ముఖం ఇంకా విప్పలేదు. "ముందు వీడి చేత ప్రమాణం చేయించు."

పలుపు నెత్తికి ఎత్తుకుని, గొంతు సవరించుకున్నాను. "ఈ సంత సాక్షిగా చెబుతున్నాను. ఇక మీదట అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రం గురించి నేను మాట్లాడుతుంటే ఎవరైనా లేచిపోతే దండం పెడతాను. 'అంటే?' అని అడిగితే అనుమానిస్తాను. చివరిదాకా విని, బజ్జీలు కూడా పెట్టిస్తే, ఆ మనిషిని అక్కడికక్కడే పోలీసులకు అప్పగిస్తాను!"

ఆటో అతను కూడా నవ్వాడు. మైకు తిరిగి ఇచ్చేయబోతుంటే అంజయ్య మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కత చెప్పావు, ప్రమాణం చేశావు, జనాన్ని నవ్వించావు. అసలు మాట ఏదిరా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇంత వాగుడులోనూ ఆ ఒక్క మాటా అనలేదు. మైకు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"అంజయ్య మామ గుట్టు అమ్ముకోలేదు. తప్పు నాది. మామా, నన్ను క్షమించు."